లేపేదెవరు అన్న గడి ఏ ఫారంలోనూ లేదు

నాది జిరాక్సు షాపు. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్యలో, ఒడిశా వైపు, హైవే దిగి కొంచెం లోపలికొస్తే మా ఊరు, పేరెందుకులెండి. జిరాక్సుతో పాటు ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్, ఒడియా టైపింగు అన్నీ చేస్తాను. మా వైపు తెలుగోళ్ళకి ఒడియా మాట్లాడ్డం నీళ్ళు తాగినంత సులువు, రాయాల్సొస్తేనే చెయ్యి ఆగిపోద్ది, అంచేత ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ముసలోళ్ళ భత్తా ఫారాలు సగం నా చేతి మీదుగానే వెళ్ళాయి. (పింఛన్ని మేం భత్తా అనే అంటాం, ఒడియా మాటే, మా నోళ్ళలో తెలుగైపోయింది.) అలాంటోణ్ణి, మా అమ్మ ఫారం దగ్గరికొచ్చేసరికి తెల్లమొహం వేశాను.

2023 కార్తీక మాసంలో ఒక తెల్లారుజామున అమ్మ పెరట్లో దీపం పెట్టడానికి వెళ్ళి అక్కడే కూలిపోయింది. పక్షవాతం, కుడి పక్కంతా పోయింది. ఆసుపత్రి ఖర్చు గురించి నాకే కంప్లయింటూ లేదు, అప్పుడు ఒడిశా సర్కారు ఇచ్చిన బిజు స్వాస్థ్య కార్డు నడుస్తోంది, ఆడవాళ్ళకి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఫ్రీ, తొమ్మిది రోజులుంచి మందులు స్కానింగులు అన్నీ చేసి పంపించారు. పదో రోజు ఆటోలోంచి అమ్మని దించి మంచం మీద పడుకోబెట్టాక నేనూ మా ఆవిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ 10 లక్షల కార్డు మా గుమ్మం బయటే ఆగిపోయింది, లోపలికి రాదది. అమ్మకి కావాల్సిందంతా గుమ్మం లోపలే.

ఏం కావాలో చెప్తాను, తెలీనివాళ్ళకి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు మీద పుళ్ళు పడతాయి. రోజుకి మూడు డైపర్లు, నెలకి మూడు వేలు ఎటూ కాకుండా పోతాయి. కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చే కుర్రాడికి ఒక విజిట్‌కి మూడొందలు, మొదట వారానికి మూడుసార్లు పిలిచాం, తర్వాత ఒకసారి, ఇప్పుడు మా ఆవిడే నేర్చుకుని చేస్తోంది. పగలు ఒక ఆయాని పెట్టుకుందామని కనుక్కుంటే నెలకి పన్నెండు వేలన్నారు, నా షాపు మీద అన్నీ పోను మిగిలేదే అంతంత మాత్రం. మా ఆవిడ బ్లౌజులు కుట్టేది, పండగల సీజన్లో నెలకి ఐదారు వేలు వచ్చేవి, ఆ మిషను మీద ఇప్పుడు అమ్మ దుప్పట్లు మడతపెట్టి ఉంటున్నాయి.

సరే, సర్కారు ఇచ్చేది తెచ్చుకుందాం, ఫారాలు నింపేది నేనే కదా అనుకున్నాను. ఒడిశాలో మధుబాబు పింఛను అని ఉంది, 2008 నుంచి. అరవై దాటి, ఏడాది ఆదాయం 40,000 లోపు ఉంటే వస్తుంది, అంటే నెలకి 3,333 రూపాయలు, మూడు రూపాయలు ఎక్కువొచ్చినా కథ మారిపోద్దన్నమాట. చాన్నాళ్ళు 500 ఉండేది, 2024 ఎలక్షన్ల ముందు 1,000 చేశారు, 2025లో కొత్త ప్రభుత్వం 80 ఏళ్ళు దాటినవాళ్ళకీ, 80 శాతం, ఆ పైన వికలాంగులకీ 3,500 చేసింది. అది మంచి పనే, కాదన్ను. కేంద్రం వృద్ధాప్య పింఛనులో ఢిల్లీ నుంచొచ్చే వాటా సంగతి మాట్లాడుకోకపోవడమే మేలు, అరవై నుంచి డెబ్బై తొమ్మిది దాకా 200 రూపాయలు, 2007లో ఎంతో ఇప్పుడూ అంతే, ఆ 200తో అప్పుడు ఏమొచ్చేదో ఇప్పుడు ఏమొస్తుందో మీకే తెలుసు.

ముందు ఆదాయం సర్టిఫికెట్టు. ఎంక్వైరీకి వచ్చినాయన అమ్మని చూళ్ళేదు. ఇల్లు చూశాడు, షాపు బోర్డు చూశాడు, కలర్ ప్రింటరు చూశాడు. 'కొడుకు సంపాదిస్తున్నాడు కదా' అని రాసి పోయాడు. ఆ ప్రింటరు లోన్ మీద ఉందన్నా వినలేదు. మళ్ళీ పెట్టాం, 'కాలి ఆసంతు' అన్నారు, రేపు రండి అని, ఆ రేపులు నాలుగు నెలలు నడిచాయి. మొత్తానికి 1,000 రూపాయల భత్తా శాంక్షనైంది. 3,500 కాదు, ఎందుకంటే కాగితం మీద అమ్మకి 80 లేవు.

అమ్మ ఎప్పుడు పుట్టిందో ఎవరూ రాసిపెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వీధిలో మిఠాయి పంచారనీ, తన చెల్లెల్ని చంకనేసుకుని వెళ్ళి తనకో ముక్క చెల్లికో ముక్క అడిగి తెచ్చుకున్నాననీ చెప్తాది. చెల్లెల్ని చంకనెత్తుకునే పిల్లకి ఎంత లేదన్నా ఐదేళ్ళుంటాయి కదా. ఆధార్ తీసేటప్పుడు కుర్రాడు అడిగాడు, ఈవిడ 'ఏటో బాబూ, నువ్వే రాసీ' అంది, వాడు 01-01-1948 అని కొట్టేశాడు. మా ఊళ్ళో ముసలోళ్ళ ఆధార్లు పదిహేను తీస్తే పదింటికి పుట్టినరోజు జనవరి ఒకటే, ఆ రోజు ఊరంతా కేకులు కోయాలి. లెక్కన 2025లో అమ్మకి నిజంగా కనీసం 82, ఆధార్‌కి 77. మార్చడానికి బర్త్ సర్టిఫికెట్టో బడి కాగితమో కావాలి, అమ్మ బడి గుమ్మం తొక్కితే కదా. ఆవిడ చదివిన బడి కండెలు చుట్టడమే, మా నాన్న పట్టు మగ్గం నేసేవాడు.

వయసు దారి మూసుకుపోయింది కాబట్టి రెండో దారి పట్టాను, వికలాంగ సర్టిఫికెట్టు. ఇక్కడ జరిగిందే నన్ను ఇది రాయిస్తోంది.

ఆ శాతం తేల్చే డాక్టర్ల బోర్డు కూర్చునే రోజు తెల్లారకుండానే అమ్మని లేపాం. మా ఆవిడ తల దువ్వి, ముడేసి, ఉతికిన చీర కట్టింది, అమ్మే కట్టమంది, 'డాక్టరుబాబు దగ్గరికి పాత చీరతో ఏటి' అని సగం పోయిన మాటతో. ఆటోలో నేను ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. తమ్ముడు సూరత్‌లో పవర్‌లూమ్‌లో ఉంటాడు, ఈ పని కోసమే నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు, మా గంజాం కుర్రాళ్ళు సగం మంది అక్కడే కదా. ఆసుపత్రి వరండాలో మూడు గంటలు బెంచీ మీద. లోపల డాక్టరు కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు, 'మావుసీ ఎలా ఉన్నావు' అన్నాడు. మా అమ్మ ఏమందో తెలుసా? 'బానే ఉన్నాను బాబూ.' పెద్దింటి పెళ్ళికెళ్ళిన మనిషిలా నవ్వింది కూడా, సగం మొహంతో. చెయ్యి ఎత్తమన్నాడు, ఎడం చెయ్యి ఎత్తింది. కుడి చెయ్యి అన్నాడు, ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని పైకి ఎత్తి చూపించింది, ఇదిగో ఎత్తాను కదా అన్నట్టు. లేచి నిలబడగలవా అన్నాడు. నేనూ తమ్ముడూ రెండు పక్కలా రెక్కలు పట్టుకున్నాం, అమ్మ పళ్ళు బిగబట్టి లేచింది, నా భుజం మీద ఆవిడ గోళ్ళు దిగాయి, రెండడుగులు వేసింది. ఏడాదిన్నరలో వెయ్యని అడుగులు ఆ గదిలో వేసింది. పరాయి మగాడి ముందు పడిపోకూడదని వేసింది.

70 శాతం రాశారు.

పది శాతం తక్కువ. మా అమ్మ పరువుకి సర్కారు కట్టిన ఖరీదు నెలకి 2,500 అని ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. డాక్టర్ని తప్పు పట్టను, ఆయన చూసింది ఆయన రాశాడు, కీలు ఎంత వంగింది, కండకి ఎంత బలముంది. ఆయన ముందున్న ఫారంలో ఒక్క గడి ఉండుంటే చాలు, ఈ మనిషిని రోజూ లేపేదెవరు? ఎన్నిసార్లు? ఆ మనిషి లేకపోతే ఏమవుద్ది? అది లేదు. ఆదాయం ఫారంలో లేదు, భత్తా ఫారంలో లేదు, ఆయుష్మాన్ కార్డుకి అసలు అడగరు. నేను నింపిన వందల ఫారాల్లో వయసు ఉంది, కులం ఉంది, బ్యాంకు నంబరుంది, మొగుడి పేరుంది, పోయిన మొగుడి పేరు కూడా ఉంది.

మా వీధి చివర ఒకాయన ఉన్నాడు, ఆధార్ ప్రకారమే 81, పొద్దున్నే గుడికి నడిచెళ్ళి వస్తాడు, వస్తూ అరటిగెల భుజానేసుకొస్తాడు, ఆయనకి 3,500. ఆయన మీద నాకు కుళ్ళు లేదు, ఆయన ఫారం నింపింది కూడా నేనే, ముసలి వయసులో ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఉండటానికి ఆ డబ్బు ఉండాల్సిందే. కానీ ముసలితనానికిచ్చే డబ్బు వేరు, మంచాన పడ్డ మనిషిని చూసుకోడానికిచ్చే డబ్బు వేరు. రెండిటినీ ఒకే డబ్బాలో పోసి పైన పుట్టినతేదీ అంటించారు.

ఇంక బోర్డర్ గేటు అవతలి సంగతి. గిరిసోల దాటితే ఆంధ్రా. మా చిన్నమ్మ, అదే ఆ చంకలో మిఠాయి తిన్న చెల్లెలు, ఇచ్ఛాపురం దగ్గర ఉంటుంది. విధి చూడండి, ఆవిడకీ పక్షవాతమే, ఆవిడా మంచమే. ఆంధ్రాలో 2024 జులై నుంచి మామూలు వృద్ధాప్య పింఛను 4,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000. ఒకటో తారీకు పొద్దున్న సచివాలయం వాళ్ళొచ్చి చేతిలో పెట్టి వెళ్తారు. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే జబ్బుతో పడి, మధ్యలో 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన గీత. ఇక్కడ 1,000, అక్కడ 15,000. మా అమ్మని బరంపురం వైపు ఇవ్వకుండా సోంపేటకి ఇచ్చుంటే మా ఆవిడ కుట్టుమిషను మూలపడేది కాదు.

చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడే, ఫోన్ చేసి 'పెద్దమ్మని మా ఇంటికి తెచ్చీ అన్నయ్యా, ఆధార్ అడ్రసు మార్పించేద్దాం, నేను చూసుకుంటాను' అన్నాడు. మంచికే అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆధార్ అడ్రసు మార్చడం నాకు పది నిమిషాల పని, ఊరందరికీ చేసేది నేనే. బోర్డర్లో ఇది కొత్తా కాదు, కోరాపుట్ వైపు కొఠియా ఊళ్ళలో రెండు రాష్ట్రాలూ మావే అంటున్నాయి కాబట్టి జనం రెండు వైపుల కార్డులూ పెట్టుకుంటారు, వాళ్ళని నేను తప్పనను, రెండిళ్ళ చుట్టానికి రెండు విస్తళ్ళు. నేను మాత్రం చెయ్యలేదు. నీతి అనుకోకండి. అమ్మ ఎక్కడున్నట్టు కాగితం చెప్తే అక్కడ ఉండాలి కదా, ఎంక్వైరీకి ఎప్పుడొస్తారో తెలీదు, ఆవిణ్ణి ఆటోలో అటూ ఇటూ తిప్పుతూ ఉండాలా? 2025లో ఆంధ్రాలో ఆ 15,000 పింఛన్లవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల టీములు వెళ్ళి మళ్ళీ చూశాయి, ఆ రోజు చిన్నమ్మ కూడా 'బానే ఉన్నాను' అందట, కోడలు గబుక్కున నోరు మూయించింది. మా ఆడవాళ్ళ వంశంలోనే ఉంది ఈ రోగం.

అయినా ఒక విషయంలో ఆంధ్రావాళ్ళని మెచ్చుకోవాలి, మనిషి మంచం మీంచి లేవగలదా లేదా అన్నది వయసుతో సంబంధం లేకుండా అడిగారు, చూడ్డానికి ఇంటికెళ్ళారు. దొంగ సర్టిఫికెట్లు పెరిగిపోతాయి అంటారు, పెరుగుతాయి, నా షాపుకే వచ్చి 'ఏదైనా ఉపాయం చూడు' అన్నవాళ్ళున్నారు. కానీ మంచాన పడ్డ మనిషిని కనిపెట్టడానికి బోర్డు అక్కర్లేదు, ఆశా దీదీని అడిగితే వీధిలో ఎవరి ఇంట్లో ఎవరు లేవలేరో వేళ్ళ మీద చెప్తాది.

మా మేనమామ కొడుకు, వరసకి బావ, అమెరికాలో ఉంటాడు, వాళ్ళ అత్తగారి గొడవలో పడి ఇదంతా ఆయనా నేర్చుకున్నాడు. అక్కడ ముసలోళ్ళకి మెడికేర్ ఉంది కదా అనుకుంటాం మనం, అది వైద్యానికే, ఏళ్ళ తరబడి పక్కనుండి చూసుకోవడానికి ఇవ్వదట, మన కార్డులాగే గుమ్మం దగ్గర ఆగుద్ది. దానికి మెడికెయిడ్ కావాలి, అది పేదలకి, చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషి పేరు మీద ఆస్తి 2,000 డాలర్లు మించకూడదు, సాధారణంగా ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు, గత ఐదేళ్ళలో పిల్లలకి ఏమైనా రాసిచ్చారా అని బ్యాంకు కాగితాలన్నీ తవ్వుతారు. మా ఎంక్వైరీ ఆయన ప్రింటరు చూసి వెళ్ళిపోయాడు, అక్కడైతే ప్రింటరు ఎప్పుడు కొన్నావో అడుగుతారన్నమాట. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా చూస్తారు, స్నానం తనే చేస్తుందా, బట్టలు తనే వేసుకుంటుందా, తనే తింటుందా, బాత్రూంకి తనే వెళ్తుందా, మంచం మీంచి కుర్చీలోకి తనే మారుతుందా. ఇది విన్నప్పుడు నాకు పట్టరాని కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు. ఇన్నాళ్ళూ నేను వెతికింది ఈ ప్రశ్నల్నే, ఎక్కడో ఒకచోట అచ్చేసి ఉన్నాయి. జపాన్ 2000 నుంచి దీనికే వేరే బీమా పెట్టింది, నలభై దాటినవాళ్ళంతా కడతారు, మనిషికి ఎంత సాయం కావాలో ఏడు మెట్లుగా లెక్కేస్తారు.

అంత దూరం ఎందుకు, కేరళలో ఆశ్వాసకిరణం అని ఉంది, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఇంటి మనిషికి నెలకి 600. 600 ఏ మూలకొస్తుందని మీరు నవ్వుతారు, నేను నవ్వను. ఆ డబ్బు ఎవరి పేరు మీద వస్తుందో చూడండి. చూసుకునే మనిషి పేరు మీద. అంటే అలాంటి మనిషి ఒకరున్నారని ఒక రాష్ట్రం కాగితం మీద ఒప్పుకుంది.

'అత్తని చూసుకోడానికి కోడలికి జీతమేటి, అది మన ధర్మం కదా' అని షాపులో ఒక పెద్దాయన నాతో వాదించాడు. ఆయన భార్యే ఆయన అమ్మని ఎనిమిదేళ్ళు చూసింది, ఈయన ఆ ఎనిమిదేళ్ళూ రచ్చబండ మీద ఉన్నాడు, ధర్మం ఎవరిదో ఎవరు మోశారో నాకు తెలుసు గానీ గిరాకీ కదా, ఊరుకున్నాను. మన చట్టం కూడా ఆ పెద్దాయనలాగే ఆలోచిస్తుంది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకి 10,000 దాకా ఇప్పిస్తారు. నేనే అలాంటి పిటిషన్లు ఆరేడు టైప్ చేశాను, అవసరమైన చట్టం, ఒకామెకి ఇల్లు వెనక్కొచ్చింది కూడా. కానీ దాని లెక్కలో ముసలోళ్ళ కష్టానికంతా కారణం చెడ్డ కొడుకే. కొడుకు చెడ్డవాడు కాడు, కోడలు పారిపోలేదు, ఇద్దరూ కలిసి మునిగిపోతున్నారు, ఈ కేసుకి ఏ ట్రిబ్యునలూ లేదు.

మతిమరుపు జబ్బు వాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మా షాపు వెనక వీధిలో ఒకామె కాళ్ళూ చేతులూ బ్రహ్మాండంగా ఉన్నాయి, గ్యాస్ ఆన్ చేసి మర్చిపోద్ది, తలుపు తీసుంటే హైవే మీదికెళ్ళిపోద్ది, కూతురు పగలంతా గొళ్ళెం పెట్టుకుని కాపలా. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలు రాశారు, పార్కిన్సన్స్ పేరుంది, ఈ మతిమరుపు పేరు పెట్టి లేదు.

వయోశ్రీ క్యాంపు ఒకటి పెట్టారు, నెల ఆదాయం 15,000 లోపున్న ముసలోళ్ళకి కర్రలు, వినికిడి మిషన్లు, కుర్చీలు ఇస్తారు, అమ్మకి చక్రాల కుర్చీ వచ్చింది. కొత్తది, మెరిసిపోతోంది. మావి నేతగాళ్ళ ఇళ్ళు, రైలుపెట్టెలా ముందునుంచి వెనక్కి పొడుగ్గా ఉంటాయి, మధ్య గుమ్మాలు ఇరుకు, కుర్చీ వీధి గదిలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం.

భత్తా ఆగకుండా ఉండాలంటే మధ్యమధ్యలో వేలిముద్ర వెయ్యాలి, బతికే ఉన్నట్టు. అమ్మ కుడి బొటనవేలు లాగి పెట్టాలి, ఎడం బొటనవేలు నలభై ఏళ్ళు పట్టుదారం నడిచి నడిచి నున్నగా గోళీకాయలా అయిపోయింది. మిషను ఎర్రలైటు వెలిగిస్తుంది. తడిగుడ్డతో తుడుస్తాను, కొబ్బరినూనె రాస్తాను, మళ్ళీ తుడుస్తాను. ఎర్రలైటు. ఊళ్ళో అందరి వేళ్ళూ పట్టించే నా మిషనే మా అమ్మని గుర్తుపట్టదు. ఆవిడ మాత్రం నేను వేలు వదలగానే ఆ రెండు వేళ్ళతో దుప్పటి అంచు పట్టుకుని మెలి తిప్పుతూ కూర్చుంటుంది, కండె చుట్టినట్టే. చివరికి కంటి మిషను అరువు తెచ్చి పట్టించాను.

ఇప్పుడు నేనొక పని చేస్తున్నాను, పెద్ద ఉద్యమమేం కాదు. మంచాన ఉన్నవాళ్ళ ఫారం ఏదొచ్చినా, అన్నీ నింపాక అడుగున ఒక లైను ఒడియాలో చేత్తో రాస్తున్నాను: 'రోజూ లేపి, కడిగి, తినిపించేది:' అని, ఎదురుగా ఆ మనిషి పేరు. కోడలు, కూతురు, ఒకచోట పన్నెండేళ్ళ మనవరాలు. మొదట అమ్మ ఫారం మీదే రాశాను, మా ఆవిడ పేరు. ఇప్పటికి పదకొండు రాశాను. మొన్న కౌంటర్లో గుమాస్తా ఒకటి చేతిలోకి తీసుకుని, ఆ లైను కింద వేలు పెట్టి, ఇదేంటి, ఆన్‌లైన్ ఎంట్రీలో దీనికి గడి లేదు కదా అన్నాడు.

నాకు తెలుసు బాబూ అన్నాను, కాగితం మీద ఉండనీ.